అవ్వ బొంత, నా వంకర కుట్లు

బొంతను వాషింగ్ మెషిన్‌లో వేయకూడదు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నా, ఎందుకంటే పోయిన డిసెంబరులో నేను చేసిన తెలివితక్కువ పని అదే. దాదాపు 40 ఏళ్లుగా మా ఇంట్లో ఉన్న బొంతను అటక మీంచి దించి, మక్కిన వాసన వస్తోందని మెషిన్‌లో కుక్కి ఆఫీసుకు వెళ్లిపోయాను. సాయంత్రం వచ్చి తలుపు తీస్తే కాళ్లవైపు ఎడమ మూలలో పైపొర చిరిగిపోయి, పీలికలు డ్రమ్ముకు చుట్టుకొని ఉన్నాయి. నీళ్లు తాగిన బొంత బరువు ఎంతుంటుందో మా ఊళ్లో బావిగట్టున చిన్నప్పుడే చూశాను. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకొని పిండేవాళ్లు. తెలిసి కూడా చేశాను. తప్పు మెషిన్‌ది కాదు, నాదే.

మా పాప వచ్చి చూసి, "ఈ కుట్లు ఎవరు వేశారు నాన్నా, ఈ మూల ఇంత వంకరగా ఉన్నాయి?" అని అడిగింది.

నేనే వేశాను. 1986లో, నా పదకొండో ఏట.

మా ఊరు పలమనేరు దగ్గర. ఉమ్మడి చిత్తూరు జిల్లా అంటే ఎండలే అనుకుంటారు చాలామంది. తిరుపతివైపు అది నిజమేగానీ, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె వైపు ఎత్తు ప్రదేశం. డిసెంబరులో తెల్లవారితే ఎముకలు కొరికే చలి. అందుకే ప్రతి ఇంట్లోనూ బొంతలు ఉండేవి. ఉన్నవాళ్ల ఇళ్లలో దూది కూరిన రజాయిలు ఉండేవి, మాకు బొంతలే. రజాయికీ బొంతకూ తేడా ఏమిటంటే, మా వైపు బొంతలో దూది ఉండదు. పాత చీరలు, పంచెలు ఒకదానిమీద ఒకటి పరిచి, అన్నిటినీ కలిపి కుట్టేయడమే. వెచ్చదనమంతా పొరల మధ్య నిలిచే గాలిది.

ఆ డిసెంబరులో చింతచెట్టు మీంచి పడి కుడికాలు విరగ్గొట్టుకున్నాను. నాయన నన్ను ఎత్తుకొని బస్సులో పుత్తూరు తీసుకుపోయాడు. మా జిల్లాలో ఎముక విరిగితే పుత్తూరు కట్టే. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, వెదురుబద్దలు పెట్టి గుడ్డతో బిగించి కట్టారు. ఆ కట్టు మీద నిక్కరు ఎక్కదు కదా. అప్పుడే కుట్టించిన స్కూలు ఖాకీ నిక్కరును అవ్వ పక్కనుంచి నడుముదాకా కత్తెరతో కోసేసింది. అమ్మ మూడు రోజులు సణిగింది. కాలు విరిగినందుకు కాదు, కొత్త నిక్కరు పోయినందుకు.

ఇక నెలన్నర మంచం. కదలకూడదు. తోటి పిల్లలు రెండు రోజులు వచ్చి కట్టును తట్టి చూసి, తర్వాత రావడం మానేశారు. రేడియోలో కడప స్టేషన్ ఆగిపోయాక పైకప్పు వాసాలు లెక్కపెట్టడమే పని. మా ఇంట్లో పదిహేడు వాసాలు.

అప్పుడు అవ్వ బొంత మొదలుపెట్టింది. ఆమెకు కళ్లలో పొరలు వచ్చేశాయి. చేతులు తడిమి కుట్టగలవుగానీ సూదిలో దారం ఎక్కించలేదు. "రేయ్ అబ్బోడా, ఊరికే పడుకోని ఏం చూస్తావురా పైన? ఈ సూదుల్లో దారాలన్నా ఎక్కించి ఇయ్యి" అని ఒక గుడ్డముక్కకు గుచ్చిన పది సూదులు నా ఒళ్లో పడేసింది. నా బొంత చదువు అక్కడ మొదలైంది.

ఇప్పుడు కుట్టడం నేర్చుకుందామనుకునేవాళ్లకు నేను మొదట చెప్పేదీ అదే. కూర్చునే ముందే పది సూదులకు దారం ఎక్కించి పెట్టుకోండి. కుడుతూ కుడుతూ మధ్యలో ఆగి సూదిరంధ్రం వెతుక్కుంటే ఓపిక అక్కడే సగం పోతుంది.

దారం ఎంత తీయాలన్నది అవ్వతో నాకు జరిగిన మొదటి గొడవ. నేను తెలివిగా బారెడు దారం తీసి ఎక్కించాను, మాటిమాటికీ ఎక్కించే పని తప్పుతుందని. ఆమె రెండు కుట్లు వేసేసరికే చిక్కుపడింది. "మూరెడు తీయి చాలు. బారెడు దారం తీసినోడు కుట్టేది తక్కువ, చిక్కు తీసేది ఎక్కువ" అంది. మూరెడంటే మోచేతి నుంచి వేలికొస దాకా, పద్దెనిమిది అంగుళాలు. అంతకన్నా పొడుగైతే ప్రతి కుట్టుకూ దారం గుడ్డలో రాసుకొని నూగులేచి బలహీనపడుతుంది. కండె నుంచి మొదట వచ్చే కొసనే సూదిలోకి ఎక్కించి, తెంపిన కొసకు ముడి వేయాలి. తిరగేసి ఎక్కిస్తే మెలి ఎక్కువ పడుతుంది. ఎట్లా ఎక్కించినా కాసేపటికి కొంత మెలి తిరుగుతుంది, అప్పుడు సూదిని కిందికి వదిలేసి వేలాడనిస్తే అదే గిరగిరా తిరిగి సర్దుకుంటుంది. నాకది పెద్ద ఆటగా ఉండేది. దారాన్ని ఒకసారి తేనెమైనం ముద్ద మీద లాగితే ఇంకా మంచిది. మైనం లేనిరోజు అవ్వ కొవ్వొత్తి ముక్క వాడేది.

దారం మాత్రం నూలుదే కావాలి. పాత నూలు చీరల మీద గట్టి పాలిస్టర్ దారం వాడితే దారం బాగానే ఉంటుంది, చీరను కోసేస్తుంది. బెంగాల్లో కాంతా కుట్టే ఆడవాళ్లు వెనకటికి పాత చీర అంచుల్లోంచే పోగులు లాగి వాటితోనే కుట్టేవాళ్లు. చీర వయసే దారానికీ ఉండేదన్నమాట.

కుట్టడం కన్నా ముందు పని చాలా ఉంటుంది. నిజం చెప్పాలంటే బొంత బాగా రావడం, రాకపోవడం అక్కడే తేలిపోతుంది. నేను మంచంలో ఉండి సూదులు ఎక్కిస్తుంటే అవ్వ రెండు రోజులు గుడ్డలతోనే గడిపింది. ప్రతి చీరనూ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, రెండు బొటనవేళ్లతో లాగి చూసేది. పర్రుమంటే అది లోపలి పొరకు. లాగినా నిలబడితే పైపొరకు. ఫాల్ కుట్లు విప్పేసేది. జరీ అంచుంటే చించి పక్కన పెట్టేది, ఒంటికి గుచ్చుకుంటుందని. అన్నిటినీ నానబెట్టి గంజంతా పోయేలా ఉతికేది. ఎర్రచీరను విడిగా, నీళ్లు తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ ఉతికింది. అది చేయకపోతే మొదటి చాకిరేవులోనే తాత తెల్లపంచె గులాబిరంగు పంచె అవుతుంది. కొత్త గుడ్డా పాత గుడ్డా కలిపి కుట్టేవాళ్లయితే ఈ ఉతుకు అసలు తప్పించుకోకూడదు. కొత్తది తర్వాత కుంచించుకుపోయి బొంతంతా ముడతలు పడుతుంది.

నైలాన్ చీరలు ఆమె దగ్గరికి కూడా రానిచ్చేది కాదు. అమ్మవి రెండు ఉండేవి, అప్పటి ఫ్యాషన్. "ఈ జారుడు కోకలు ఒకదాని మీద ఒకటి నిలబడవు, చెమట తాగవు" అనేది. ఇప్పుడు నాకొచ్చిన చిక్కు సరిగ్గా తిరగబడింది. మా ఇంట్లో బీరువా నిండా చీరలున్నాయి, బొంతకు పనికొచ్చేవి రెండంటే రెండు.

లెక్క చాలా సులువు. చీర ఐదున్నర మీటర్లు. దాన్ని మూడు ముక్కలు చేస్తే ఒక్కొక్కటి మీటరూ ఎనభై సెంటీమీటర్లకు పైనే, ఒక మనిషి పొడుగు. వెడల్పు చీర పన్నా ఎంతో అంత, మీటరూ పదిహేను దాకా. అంటే రెండు చీరలుంటే ఆరు పొరల ఒంటిమనిషి బొంత తయారు. ఇద్దరు కప్పుకునేది కావాలంటే పన్నాలు అతకాలి. అవ్వ ఆ బొంతకు అట్లా రెండే చీరలు తీసుకోలేదు. పైన మేనత్తది వెంకటగిరి నూలుచీర, చిలకపచ్చకు ఆవపిండి రంగు అంచు. కింద తనదే ఎర్రచీర. మధ్యలో తాత పంచెలు. పంచెకు మించిన లోపలి పొర లేదని ఆమె నమ్మకం. పలచగా, మెత్తగా ఉంటుంది, సూది వెన్నలో దిగినట్టు దిగుతుంది. మందం గుడ్డ మాత్రం మధ్యలో పెట్టకూడదు. ఈ మాట ఆమె చాలాసార్లు అనేది. ప్యాంటు గుడ్డ, గోనె, పరదా గుడ్డ, ఏదీ వద్దు. సూది దిగదు, దిగినా వంకరపోతుంది.

పంచలో నేల ఊడ్చి, తుడిచి, ఆరనిచ్చి, ఒక్కొక్క పొరా పరిచారు అవ్వా అమ్మా. ప్రతి పొరనూ మధ్య నుంచి అంచులకు అరచేత్తో తోసి ముడత తీయాలి. నాలుగు మూలలా రాళ్లు పెట్టారు, ఒక మూల రాయి చాలక సన్నికల్లు పొత్రం పెట్టారు. తర్వాత పచ్చికుట్లు. బెత్తెడుకు ఒక కుట్టు చొప్పున, మధ్యలోంచి నాలుగు దిక్కులకూ. పచ్చికుట్లు చివర్లో పీకేసేవే కదా అని చాలామంది రెండు వేసి వదిలేస్తారు. నేనూ మొన్నమొన్నటిదాకా అదే రకం. సగం బొంత అయ్యాక కింది పొర జరిగి, ఒకవైపు జానెడు ఎక్కువ వచ్చి, తలపట్టుకున్నాను. మొదటిసారి కుట్టేవాళ్లు పచ్చికుట్లకే ఒక పూట కేటాయించండి.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్నది ఊరికో రకం. కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు సిద్ధీలని, ఆఫ్రికా మూలాలున్న జనం ఉన్నారు. వాళ్లు కుట్టే కవండి బొంతలు అంచు నుంచి మొదలై గుండ్రంగా లోపలికి వస్తూ మధ్యలో ముగుస్తాయి. నాలుగు మూలలా గుడ్డముక్కలు త్రికోణంగా మడిచి పూలలాగా కుడతారు. మాకు సరిహద్దు దాటితే కౌది అంటారు కన్నడంలో, మరాఠీవాళ్లు గోధడి అంటారు. పేర్లు ఎన్నున్నా పాత చీరే, సాదా కుట్టే. అవ్వ మధ్యలో ఒక గీత కుట్టి, అక్కడ నుంచి ఇటూ అటూ పోయేది. కొత్తవాళ్లకు నేను అదే మంచిదంటాను. ముడత ఏదైనా ఉంటే బయటికి తోసుకుంటూ పోవచ్చు.

ఐదారు రోజులయ్యాక సూదులు ఎక్కించడం విసుగొచ్చి, నేనూ కుడతానన్నాను. మగపిల్లాడు కుట్టేదేంది అని ఎవరో అన్నారు. అవ్వ పట్టించుకోలేదు. "టైలరు మగోడు కాదా?" అని మాత్రం అంది.

నేరుగా బొంత మీద కుట్టనివ్వలేదులెండి. రెండు చింకి ముక్కలు, మధ్యలో పంచె ముక్క, అడుగున్నర చదరం, ఇచ్చి కుట్టమంది. గంటసేపు శ్రద్ధగా కుట్టి ఎత్తి చూపిద్దామనుకుంటే, దాంతోపాటు దుప్పటి కూడా లేచి వచ్చింది. అవ్వ కళ్లు కనపడకపోయినా చప్పుడుకే అర్థం చేసుకుని, నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. దుప్పటికి వేసిన కుట్లన్నీ విప్పి, ఈసారి కింద నా పలక పెట్టుకున్నాను. ఒళ్లో పెట్టుకొని కుట్టే ఎవరికైనా ఈ పలక సలహా పనికొస్తుంది. ఇప్పుడు పలకలు లేవుగానీ పరీక్ష అట్ట ఉంటుంది కదా, అది చాలు.

ఆ ముక్కను నాయన సైకిల్ క్యారియర్ మీద మెత్తగా కట్టుకున్నాడు. రెండేళ్లు పలమనేరు సంతకు దాని మీదే కూరగాయల గంప పోయింది. మొదటిసారే పెద్ద బొంత మొదలుపెట్టి అటకెక్కించిన వాళ్లను నేను చూశాను. అడుగున్నర ముక్కతో మొదలుపెడితే వారంలో చేతికి ఒక వస్తువు వస్తుంది, అది సైకిల్‌కు కట్టుకునేదైనా సరే.

చేతి పద్ధతి మాటల్లో చెప్పడం కష్టం. కుడిచేతిలో సూది, ఎడమచెయ్యి బొంత కింద. సూదిమొన కిందికి దిగి ఎడమ చూపుడువేలిని తాకీ తాకగానే వెంటనే పైకి తిప్పాలి. తాకకపోతే అన్ని పొరలూ పట్టలేదని అర్థం. ఎక్కువ తాకితే రక్తం. నాలుగు రోజులు వేలికొస మండుతుంది, తర్వాత చర్మం గట్టిపడుతుంది. పొరలు పలచగా ఉంటే మూడు నాలుగు కుట్లు ఒకేసారి సూదికి ఎక్కించి లాగొచ్చు. ఆరు పొరలకు ఆ సోకు వద్దు, ఒక్కొక్కటే వేయాలి. నడిమివేలికి అవ్వ పాత సైకిల్ ట్యూబు నుంచి ఉంగరంలా కోసిన రబ్బరు తొడుక్కునేది. సూదిని నెట్టడానికీ అదే, జారే సూదిని పట్టి లాగడానికీ అదే. కొట్లో దొరికే ఇత్తడి టోపీలు నేను రెండు కొన్నాను. ట్యూబు ముక్కే నయం.

కుట్టు ఎంత ఉండాలని అడిగితే వడ్లగింజంత అంది. గింజంత కుట్టు, గింజంత కన్నా తక్కువ ఖాళీ. గీతకూ గీతకూ మధ్య రెండు వేళ్లు. మొన్న కూర్చొని లెక్కేశాను. ఒంటిమనిషి బొంతకు అట్లాంటి గీతలు 38 దాకా వస్తాయి, అంతా కలిపితే దగ్గర దగ్గర 70 మీటర్ల కుట్టు. సెంటీమీటరుకు ఒక కుట్టనుకున్నా 7 వేలు. కళ్లు సరిగా కనపడని మనిషి, అందులో నావి పోను, ఆరువేలకు పైగా తడిమి వేసింది. అవి చూస్తే ఇప్పటికీ నారుమడిలా వరసగా ఉంటాయి.

ముడి బయటికి కనపడకూడదు. ముడివేసిన దారాన్ని గీత మొదలుకు వేలెడు దూరంలో పైపొరలోకి మాత్రమే గుచ్చి, మొదలు దగ్గర బయటికి తీసి, చిన్నగా గుంజితే ముడి పుటుక్కున పొరలోపలికి దూకుతుంది. ఆ చప్పుడు నాకు ఎంత నచ్చిందంటే, అవసరం లేని చోట కూడా దారం తెంపి కొత్త ముడి వేసుకునేవాణ్ణి. గీత చివర రెండు వెనక్కుట్లు వేసి, మిగిలిన దారాన్ని పొరల మధ్య దాచి తెంపాలి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, దారాన్ని బిగించి లాగకూడదు. గుడ్డ చెంపలు లాక్కుపోయినట్టు అవుతుంది. వదులుగానూ వదలకూడదు, పిల్లల కాలివేళ్లు తగులుకుంటాయి.

అసలు బొంత మీద నాకు ఇచ్చిన జాగా కాళ్లవైపు ఎడమ మూల. "ఆడైతే ఎవురూ చూడరులే" అంది అవ్వ. మంచం పక్కకు ఆ మూలను లాగి నా ఒళ్లో పెట్టింది. మొదటి రెండు గీతలు బాగానే వచ్చాయి. తర్వాత సూది మొండికేసింది. నెట్టినా దిగదు, దిగితే పక్కకు పోతుంది. వడ్లగింజలు కాస్తా చిక్కుడు గింజలయ్యాయి. మూడోరోజు సూది విరిగింది. మొన ఎక్కడ పడిందో తెలియలేదు. అవ్వ అంత గాభరాపడటం నేను చూడలేదు. పడుకునే బొంతలో సూదిమొన ఉంటే ఎట్లా? పాడైన స్పీకర్ నుంచి నేను ఊడపీకి దాచుకున్న అయస్కాంతం గుర్తొచ్చి, దాన్ని ఆ మూలంతా నెమ్మదిగా తిప్పితే మొన టిక్కుమని వచ్చి అతుక్కుంది. ఆ రోజు నుంచి ఎన్ని సూదులు తీస్తే అన్ని లెక్కపెట్టి సర్దడం ఇంట్లో రూలు.

"నాకు చేతకాలేదవ్వా" అన్నాను. "ఆడ కొంచెం మందంగా ఉందిలే అబ్బోడా, మెల్లిగా పోనీ" అంది. ఓదార్చడానికి అంటోందనుకున్నాను. సంక్రాంతి దాటి పదిరోజులకు బొంత అయింది, కట్టు కూడా విప్పారు. ఎండాకాలం రాగానే ఉతికి బండ మీద ఆరేస్తే రెండు రోజులు పట్టింది ఆరడానికి. అవ్వ 1999లో పోయింది. బొంత నాతో పాటు హాస్టల్‌కు, తర్వాత బెంగళూరుకు వచ్చింది. ఆ మూల చూసినప్పుడల్లా నా చేతకానితనం అనుకునేవాణ్ణి.

మొన్న బొంత ఆరాక అతుకు వేద్దామని కూర్చున్నాను. మా పాప పక్కనే కూర్చుంది, నేర్చుకుంటానని. చిరిగిన చోట అతుకు వేసే ముందు లోపలి పొరలు ఎట్లా ఉన్నాయో చూసి, ముడతలు సరిచేసుకోవాలి. వెంకటగిరి చీర పీలికలు మెల్లిగా పక్కకు జరిపాను. దాని కింద తాత పంచె, అదీ చిరిగింది. పంచె పక్కకు తీస్తే దాని కింద ఖాకీ.

ముందు అర్థం కాలేదు. విప్పి పరిచిన గుడ్డ, రెండు చేతుల వెడల్పు. ఒక పక్క కత్తెరతో వంకరగా కోసిన అంచు, పైన నడుముపట్టీలో సగం. పట్టీలో ఒక కాజా కూడా అట్లాగే ఉంది. నా వంకర కుట్లన్నీ సరిగ్గా ఆ ఖాకీ మొదలైన చోట మొదలై, అది అయిపోయిన చోట ఆగాయి.

"మందం గుడ్డ లోపల పెట్టకూడదన్నావు కదా నాన్నా?" అంది పాప.

ఖాకీని అక్కడే ఉంచేశాను. పాత పంచె ఒకటి దొరికితే దాని మీద పరిచి, పైన మా ఆవిడ ఇచ్చిన నూలుచీర ముక్క పెట్టి, పచ్చికుట్లు వేసి, మూరెడు దారంతో మొదలుపెట్టాను. మూడో గీతలో నా సూది విరిగింది. పాప ఫ్రిజ్ మీదున్న మాగ్నెట్ తీసుకొచ్చింది.